టెన్సైల్ కప్పు: ఆ లాగుడంతా ఎక్కడికి పోతుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. కాకినాడ దగ్గర ఒక స్కూల్లో పిల్లలు ప్రార్థనకి నిలబడే చోట 12 మీటర్ల చదరానికి టెన్సైల్ కప్పు, అంటే బట్టని కేబుళ్లతో లాగి బిగించి కట్టే కప్పు, వెయ్యాలి. కరస్పాండెంట్ గారికి కప్పు బల్లపరుపుగా, అంచులు తిన్నగా, 'నీట్‌గా' కనపడాలి. రెండు కొటేషన్లు వచ్చాయి, ఒకటి రెండోదానిలో దాదాపు సగం. పక్క ఊళ్లో ఇలాంటి కప్పే నిరుడు వానలకి నీళ్లు నిలిచి చిరిగిపోయింది. ఆ వంపులన్నీ అందం కోసమేనా, తగ్గిస్తే డబ్బు మిగులుతుందా, తుపానుకి నిలబడుతుందా అన్నవి మీ సందేహాలు.

ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. మొదట డ్రాయింగులు, తర్వాత సైటు, ఇప్పుడు ఎక్కువగా ఎవరో కట్టినవి చూసి ఏం తేడా వచ్చిందో చెప్పడం. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు దండెం సంగతి చూద్దాం. పెరట్లో రెండు గుంజల మధ్య 8 మీటర్ల దండెం ఉంది. దాని మీద 16 కిలోల తడి చీరలు సమంగా ఆరేశారు. తాడు నడుమ ఒక మీటరు కిందికి దిగితే, గుంజని లోపలికి లాగే బలం 16 కిలోలు. చీర అంచు మట్టికి తగులుతోందని ఇంట్లో గొడవ చేస్తే మీరు తాడు బిగించారు. ఇప్పుడు దిగుడు 10 సెంటీమీటర్లే. లాగుడు 160 కిలోలు. పంతానికి పోయి 2 సెంటీమీటర్లకి తెచ్చారా, 800 కిలోలు. చీరలు మాత్రం అవే 16 కిలోలు! దిగుడు పదో వంతుకి తగ్గితే లాగుడు పది రెట్లు పెరుగుతుంది. పూర్తిగా తిన్నని దండెం మీద చీర ఆరెయ్యడం ఎవరి వల్లా కాదు. ఆలోపే తాడు తెగుతుంది, లేదా గుంజ పీక్కొస్తుంది.

తాడుకైనా, కేబుల్‌కైనా, బట్టకైనా ఒకటే సూత్రం. ఇవి వంగి బరువు మొయ్యవు, లాగుడుతో మాత్రమే మోస్తాయి. లాగుడు బరువుకి ఎదురు నిలవాలంటే అందులో వంపు ఉండాలి. వంపు తగ్గించిన ప్రతిసారీ ఆ లోటుని బలంతో పూడ్చుకోవాల్సిందే. కరస్పాండెంట్ గారు అడుగుతున్న బల్లపరుపు కప్పు అంటే 2 సెంటీమీటర్ల దండెం అన్నమాట.

అయితే దండేనికి ఇంకో లోపం ఉంది. పైనుంచి బరువు పడితే మోస్తుంది గానీ కింది నుంచి గాలి కొడితే ఎగిరి తిరగబడుతుంది. దాన్ని ఆపాలంటే అడ్డంగా ఇంకో తాడు కట్టాలి. మొదటిది కిందికి వంగితే రెండోది దాని మీదుగా పైకి వంగి, దాన్ని కిందికి అదిమిపెట్టాలి. అలాంటి తాళ్లు రెండు వైపులా వరసగా వేస్తే వచ్చేది గుర్రపు జీను ఆకారం. పైనుంచి వచ్చే వాన బరువుని ఒక వరస తీసుకుంటుంది, కింది నుంచి వచ్చే గాలిని రెండో వరస తీసుకుంటుంది. ఏ బరువూ లేనప్పుడు రెండూ ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి.

కరస్పాండెంట్ గారికి చూపించడానికి ఒక దుప్పటి, నలుగురు పిల్లలు చాలు. నాలుగు మూలలూ ఒకే ఎత్తులో పట్టుకుని లాగమనండి, ఆయన్నే నడుమ చెయ్యి పెట్టి నొక్కమనండి. చెయ్యి దిగిపోతుంది. ఇప్పుడు ఎదురెదురు ఇద్దర్ని చేతులు పైకెత్తమని, మిగతా ఇద్దర్ని మోకాళ్ల దగ్గర పట్టుకోమని చెప్పండి. అంతే బలంతో లాగమనండి. మళ్లీ నొక్కితే చెయ్యి ఆగుతుంది. కింది నుంచి తోసినా ఆగుతుంది. నేను క్లయింట్ల ముందు ఎన్నో త్రీడీ బొమ్మలు చూపించాను గానీ, ఈ దుప్పటి ఒప్పించినంతగా ఏదీ ఒప్పించలేదు.

ఆకారం ఖచ్చితంగా ఎలా ఉండాలన్నది మనం గీసి నిర్ణయించేది కాదు. అంచులు, ఎత్తులు, బిగువు మనం చెబితే ఆకారం దానంతట అదే తేలుతుంది. జర్మన్ ఆర్కిటెక్ట్ ఫ్రై ఒట్టో తీగలతో చట్రాలు చేసి సబ్బు నీళ్లలో ముంచి తీసేవాడు. ఆ చట్రం మీద నిలిచే సబ్బు పొరలో అన్ని వైపులా ఒకే బిగువు ఉంటుంది, ఎక్కడా ముడత పడదు. 1964లో స్టుట్‌గార్ట్‌లో తేలికపాటి నిర్మాణాల కోసం ఆయన ఒక సంస్థ పెట్టి, ఆ సబ్బు పొరల్ని ఫొటోలు తీసి కొలిచాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా పట్టుబడి ఫ్రాన్సులో ఖైదీగా ఉన్నప్పుడు, చేతిలో సామగ్రి ఏమీ లేకుండా కట్టాల్సి వచ్చిన అనుభవం ఆయన పని మొత్తంలో కనపడుతుంది. ప్రిట్జ్‌కర్ అనే ఆర్కిటెక్చర్ బహుమతి ఆయనకి 2015లో ప్రకటించారు, ఆయన చనిపోయిన మర్నాడు.

ఇప్పుడు మీ సైటుకి వద్దాం. 12 మీటర్ల చదరం, ఎదురెదురు రెండు మూలలు 6.5 మీటర్ల ఎత్తు, మిగతా రెండూ 3 మీటర్లు అనుకుందాం. కోస్తాకి, కట్టడాల మీద గాలి బలానికి వాడే మన దేశపు కోడ్ ఐఎస్ 875 మూడో భాగం చెప్పే ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. హైదరాబాద్‌లో అయితే 44. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది, పదితో భాగిస్తే ఇంచుమించు కిలోలు. మిగతా గుణకాలు పక్కన పెడితే, మీ దగ్గర చదరపు మీటరుకి 150 కిలోలు. కప్పు ఆకారాన్ని బట్టి అందులో 70 శాతం పైకి లాగుతుందనుకుంటే, 144 చదరపు మీటర్ల మీద 15 టన్నులు.

బట్ట బరువు ఎంతో తెలుసా? చదరపు మీటరుకి ఇంచుమించు ఒక కిలో. మొత్తం 150 కిలోలు కూడా లేని కప్పుని గాలి 15 టన్నుల బలంతో ఎత్తుకుపోవాలని చూస్తుంది. కాంక్రీట్ స్లాబుతో పెరిగిన ఇంజినీరుకి ఇది మొదట మింగుడు పడదు. స్లాబ్ పడిపోకుండా చూడాలి, ఇది ఎగిరిపోకుండా చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు విమానాశ్రయం పైకప్పు ఏమైందో ఫొటోల్లో చూసే ఉంటారు. అది బట్ట కాదు, మామూలు కప్పే. గాలికి అదీ ఇదీ అని తేడా లేదు.

ఇంకో మాట. 2015లో సవరించిన ఆ కోడ్‌లో సముద్ర తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ప్రాంతానికి తుపాను గుణకం వేరే ఉంది. తుపాను తర్వాత అక్కరకి రావాల్సిన కట్టడాలకి అది 1.30. మీ స్కూలు తుపాను షెల్టరు అయితే ఈ కప్పుకి కూడా ఆ గుణకం వెయ్యాలా అన్నది మీ స్ట్రక్చరల్ ఇంజినీరుతో ముందే తేల్చుకోండి. వేస్తే 50 కాస్తా 65 అవుతుంది, వేగం వర్గంలో పోతుంది కాబట్టి 150 కిలోలు 250 దాటుతుంది. కింద నేను చెప్పే లెక్కలన్నీ 150తోనే.

ఆ ఎత్తుల తేడాతో మీ కప్పు నడుమ వంపు వ్యాసార్ధం దాదాపు 20 మీటర్లు. పైకి లాగే ఒత్తిడిని (150లో 70 శాతం, అంటే 105 కిలోలు) వ్యాసార్ధంతో గుణిస్తే లాగుడు వస్తుంది, అంటే బట్టలో మీటరు వెడల్పుకి 2 టన్నుల పైన. మూలల ఎత్తు తేడా 3.5 మీటర్ల బదులు ఒక్క మీటరే ఉంచితే వ్యాసార్ధం 70 దాటుతుంది, లాగుడు మీటరుకి 7 టన్నులు దాటుతుంది. మార్కెట్లో టైప్ టూ అనే (టైపు అంకె పెరిగే కొద్దీ బలం పెరుగుతుంది) పీవీసీ పూసిన పాలియెస్టర్ బట్ట చిరిగే బలమే మీటరుకి 8 టన్నుల చుట్టూ. బట్టకి భద్రత అయిదు రెట్లయినా ఉంచుకోవడం మా అలవాటు, ఎందుకంటే చిన్న గాటు పడినా చిరుగు అక్కడి నుంచి పాకుతుంది. నిజానికి బట్ట సాగి కొంత వంపు తనే తెచ్చుకుంటుంది కాబట్టి లెక్క ఇంత కఠినంగా ఉండదు. కానీ ఆ సాగడంలోనే నీళ్లు నిలిచే గుంట పుడుతుంది. పక్క ఊరి కప్పు కథ బహుశా అదే. పల్లంగా ఉన్న చోట కాసిని నీళ్లు చేరతాయి, ఆ బరువుకి బట్ట కొంచెం దిగుతుంది, దిగిన చోటికి ఇంకాసిని నీళ్లు వస్తాయి. వాన ఆగేలోపు అర టన్ను నీళ్లు వేలాడుతుంటాయి.

ఇక అంచు. ఈ కప్పుల అంచులు చంద్రవంకలా లోపలికి వంగి ఉంటాయి. అంచున గొట్టంలా మడిచి అతికిన భాగంలో కేబుల్ పోతుంది. బట్ట ఆ కేబుల్‌ని లోపలికి లాగుతుంది, కేబుల్ ఆ లాగుడిని రెండు మూలలకీ చేరవేస్తుంది. ఇదీ దండెమే, కాకపోతే పడుకోబెట్టిన దండెం. గాలి లేని రోజు కూడా బట్టని మీటరుకి 200 కిలోల చొప్పున బిగించే ఉంచుతాం. 12 మీటర్ల అంచు నడుమ 1.2 మీటర్లు లోపలికి వంగితే కేబుల్‌లో 3 టన్నులు. కరస్పాండెంట్ గారు కోరినట్టు తిన్నగా కనపడేలా 30 సెంటీమీటర్లే వంగనిస్తే 12 టన్నులు. చినుకు పడని, ఆకు కదలని రోజు మాట ఇది.

తుపాను రోజున ఆ 1.2 మీటర్ల వంపు ఉన్న కేబుల్‌లోనే 15 టన్నులు దాటుతుంది. ఒక్కో మూలలో అలాంటివి రెండు కలుస్తాయి. రెండూ కలిసి స్తంభం తలని 27 టన్నుల దాకా లాగుతాయి. పైకి ఎగిరే బలం నాలుగు మూలలకి పంచితే మూలకి 4 టన్నులే. అసలు భారమంతా అడ్డంగా, లోపలికి వచ్చేది. 6.5 మీటర్ల ఎత్తులో 27 టన్నులతో అడ్డంగా లాగితే ఒంటి స్తంభం మొదట్లో 175 టన్ను మీటర్ల వంచే బలం (మూమెంట్). దాని బదులు వెనక్కి 45 డిగ్రీల్లో లాగుడు కేబుల్ వేస్తే, ఆ కేబుల్‌ని నేలలో పట్టి ఉంచడానికి, బరువు ఒక్కదాన్నే నమ్ముకుంటే, 11 ఘనపు మీటర్ల కాంక్రీటు. అదీ భద్రత ఏమీ కలపకుండా. చేతి లెక్క ఇది, సాఫ్ట్‌వేర్‌లో చేస్తే అటూ ఇటూ మారుతుంది, కానీ మరీ కొంపలు మునిగే తేడా రాదు.

అందుకే టెన్సైల్ కప్పు చూసినప్పుడు నేను బట్ట కంటే ముందు మూలలు చూస్తాను. ఆ లాగుడంతా చివరికి ఎక్కడికి పోతోంది? ప్రపంచంలో పేరున్న కట్టడాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకి వేర్వేరు జవాబులు.

అమెరికాలో నార్త్ కరొలినాలోని రాలీ అనే ఊళ్లో 1952లో డార్టన్ అరీనా అని ఒకటి కట్టారు. రెండు పెద్ద కాంక్రీట్ ఆర్చీల్ని చెరో వైపు వాలేట్టు పెట్టి, వాటి మధ్య కేబుళ్ల వల బిగించారు. వల ఆర్చీల్ని లోపలికి లాగుతుంది, ఆర్చీలు తమ బరువుతో బయటికి వాలుతుంటాయి. ఒకదాని బాధ ఇంకోటి తీరుస్తుంది. దాన్ని రూపకల్పన చేసిన మాథ్యూ నొవిట్‌స్కీ కప్పు పూర్తవడం చూడలేదు. చండీగఢ్ ప్రణాళిక పని మీద మన దేశం వచ్చి తిరిగి వెళ్తూ 1950లో ఈజిప్టులో విమాన ప్రమాదంలో పోయాడు. ఇంకా కట్టని ఆ అరీనా డ్రాయింగుల్ని అదే ఏడాది అమెరికా వెళ్లిన విద్యార్థి ఒకడు చూశాడు. అతనే ఫ్రై ఒట్టో.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కప్పు జవాబు వేరు. గ్యుంటర్ బేనిష్ ఆర్కిటెక్ట్, ఒట్టో సలహాదారు, లెయోన్‌హార్ట్, ష్లైఖ్ ఇంజినీర్లు. 74 వేల చదరపు మీటర్ల పైన కేబుల్ వల, 75 సెంటీమీటర్ల గళ్లు, వాటి మీద అక్రిలిక్ పలకలు. బట్ట వేస్తే కలర్ టీవీలో మైదానం మీద నీడలు గట్టిగా పడతాయని టీవీ వాళ్లు ఒప్పుకోలేదు, అందుకే ఆ పారదర్శక పలకలు. అక్కడ లాగుడంతా నేలకే పోయింది. పైన సాలెగూడులా తేలిపోతున్నట్టు కనిపించే ఆ కప్పు కింద, గడ్డి దిబ్బల మాటున, భారీ కాంక్రీట్ లంగర్లు ఉన్నాయి. నమూనాలు చేసి కొలిస్తే వచ్చే ఖచ్చితత్వం ఆ పరిమాణానికి సరిపోక, స్టుట్‌గార్ట్‌లో లింక్‌విట్స్, ఆర్గిరిస్ బృందాలు కంప్యూటర్ లెక్కల పద్ధతులు తయారు చేశాయి. ఇవాళ మా సాఫ్ట్‌వేర్లలో నడిచే, ఆకారాన్ని లెక్కతో తేల్చే ఫోర్స్ డెన్సిటీ పద్ధతి ఆ కప్పు పుణ్యమే.

జెడ్డా హజ్ టెర్మినల్ నాకు అన్నిటికంటే తెలివైనదనిపిస్తుంది. 1981 నాటిది, స్కిడ్‌మోర్ ఓవింగ్స్ మెరిల్ సంస్థ పని, ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ ఖాన్. 45 మీటర్ల చదరాలుగా 210 గుడారాలు. ప్రతి గుడారం పక్కదాన్ని లాగుతుంది, పక్కది దీన్ని లాగుతుంది, నడుమ స్తంభాలకి అడ్డు లాగుడు చెల్లయిపోతుంది. చివరి వరస గుడారాలకి అవతల పక్కవాడు లేడు కదా, అందుకని అక్కడ స్తంభాల్ని జంటలుగా, మూలల్లో నాలుగేసి కలిపి పెట్టారు. కట్టడం బయట నిలబడి స్తంభాలు లెక్కపెడితే చాలు, బలం దారి కళ్లకి కనిపిస్తుంది.

ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి 2010 కామన్వెల్త్ క్రీడల ముందు వేసిన కప్పు సైకిల్ చక్రం. బయట రింగు నొక్కుడులో, లోపలి రింగు లాగుడులో, మధ్య కేబుళ్లు పుల్లల్లా. సైకిల్ చక్రం పుల్లల్ని ఎంత బిగించినా రోడ్డుకి సంబంధం లేదు, రిమ్మే భరిస్తుంది. అలాగే అక్కడ లాగుడంతా రింగులోనే మూతపడుతుంది.

మీకు కావాల్సింది ఈ సైకిల్ చక్రం కిటుకే. నాలుగు స్తంభాల తలల్ని చుట్టూ స్టీల్ పైపులతో కలపండి, ఎత్తు నుంచి పల్లానికి, పల్లం నుంచి ఎత్తుకి. మూలలో వచ్చే 27 టన్నులు రెండు పైపుల్లోకి చీలి ఒక్కోదాన్లో 19 టన్నుల నొక్కుడు అవుతుంది. అంత పొడుగు పైపు పక్కకి వంగిపోకుండా 10 అంగుళాల చుట్టూ సైజు పడొచ్చు, మీ ఇంజినీరు చూస్తారు. స్టీల్ ఖర్చు పెరుగుతుంది, పునాదుల ఖర్చు అంతకంటే తగ్గుతుంది. స్కూలు ఆవరణలో పిల్లలు తట్టుకుని పడే లాగుడు కేబుళ్లు కూడా ఉండవు, అది చిన్న విషయం కాదు. పైగా కరస్పాండెంట్ గారికి కంటికి ఆనేది తిన్నటి పైపు అంచు. ఆయన కోరిక సగం తీరినట్టే. బల్లపరుపే కావాలని ఇంకా పట్టుబడితే మాత్రం నిర్మొహమాటంగా రేకు షెడ్డు వేయించమనండి. రేకులో తప్పేం లేదు.

బట్ట గురించి కొంచెం. ఇది కూడా నేతే, పడుగు, పేక ఉంటాయి. మగ్గం మీద పడుగు బిగువుగా ఉంటుంది, పేక దాని పైనా కిందా మెలికలు తిరుగుతూ పోతుంది. అందుకే పేక వైపు లాగితే ఎక్కువ సాగుతుంది, ఆ లాగుడికి పడుగు వైపు ముడుచుకుంటుంది కూడా. బట్ట చుట్ట (రోలు) వెడల్పు రెండున్నర, మూడు మీటర్లు. ఆ పట్టీల్లోంచి జీను ఆకారం రావాలంటే టైలరు జాకెట్టు కత్తిరించినట్టే వంపు ముక్కలు కత్తిరించి అతకాలి. బిగించినప్పుడు సాగే మేరకి ముందే చిన్నగా కత్తిరించుకోవాలి. దీన్ని కాంపెన్సేషన్ అంటాం. ఎంత తగ్గించాలన్నది ఆ రోలు ముక్కని రెండు వైపులా ఒకేసారి లాగి పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఒక్క శాతం తప్పితే 12 మీటర్లకి 12 సెంటీమీటర్లు.

ఆ 12 సెంటీమీటర్ల విలువ నేను కాలేజీ క్యాంటీన్ దగ్గర నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది, రెండు శంకువుల కప్పు, నా డ్రాయింగే. పరీక్షకి టైము లేదని పాత ప్రాజెక్టు అంకెలు వేసేశాను, రోలు మాత్రం వేరే కంపెనీది. బిగించిన రోజు అరచేత్తో కొడితే డప్పులా మోగింది, అందరం ఫొటోలు దిగాం. ఎండాకాలం గడిచింది. జూలైలో ఒక తెల్లవారుజామున వాచ్‌మన్ ఫోను. వెళ్లేసరికి ఒక మూల దగ్గర బట్ట చూడి గేదె పొట్టలా వేలాడుతోంది. క్యాంటీన్ ఆయన కూరగాయల కత్తి తీసుకుని కోసేస్తానని నిలబడ్డాడు. వద్దు బాబోయ్ అని చెయ్యి పట్టుకున్నాను. బిగువులో ఉన్న బట్టని కోస్తే చిరుగు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం, అంత బరువు ఒక్కసారి వదిలితే స్తంభం కొరడాలా వెనక్కి కొడుతుంది. బెంచీ మీద నిలబడి వెదురు గెడ చివర గోనె చుట్టి కింది నుంచి మెల్లగా ఎత్తుతూ అంచు వైపు నీళ్లు తోశాం. గంట పట్టింది. తర్వాత బిగిద్దామని, మర తిప్పితే కేబుల్ బిగిసే టర్న్‌బకిల్ దగ్గరికి వెళ్తే, తిప్పడానికి మర మిగల్లేదు. నేను చిన్నగా కత్తిరించాల్సింది కత్తిరించలేదు, బట్ట సాగిన సాగుడంతా ఆ మరల్నే తినేసింది. మూల ప్లేటు మార్చి, బట్ట అంచు కత్తిరించి మళ్లీ అతికిస్తే గానీ కథ ముగియలేదు.

డప్పుని మంట దగ్గర కాస్తే తోలు బిగుస్తుంది. పీవీసీ బట్ట దానికి పూర్తిగా వ్యతిరేకం, ఎండకి సడలుతుంది. నులక మంచానికి ఏడాదికోసారి కాళ్ల వైపు తాడు బిగించినట్టు దీన్నీ బిగించాల్సిందే, ముఖ్యంగా మొదటి ఎండాకాలం అయ్యాక, వానలకి ముందు. కాబట్టి బిగించిన రోజు ప్రతి టర్న్‌బకిల్‌లో సగం మర ఖాళీగా ఉండాలి.

మన్నిక మాటకొస్తే, మంచి పై పూత ఉన్న పీవీసీ పాలియెస్టర్ పది, పదిహేనేళ్లు వస్తుంది. గాజు దారం మీద టెఫ్లాన్ పూసినది దానికి రెట్టింపు పైనే, కాలిఫోర్నియాలో లావర్న్ యూనివర్సిటీ వాళ్లు 1973లోనే దాంతో కట్టారు. కానీ ఖరీదెక్కువ, మడత పెడితే గాజు దారం విరుగుతుంది, అలవాటు లేని కూలీల చేతిలో పెట్టకూడదు. మీకు పీవీసీ టైప్ త్రీ చాలు. గ్రీన్ నెట్ లాంటి షేడ్ నెట్‌ని కూడా కొందరు టెన్సైల్ అనే అమ్ముతారు, అది వాన ఆపదు.

మీరు పంపిన రెండు కొటేషన్లూ చూశాను. చవకదాన్లో బట్ట జీఎస్ఎం రాశారు, పడుగు, పేక బలాలు రాయలేదు. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములన్న బరువు మాత్రమే. పూత దట్టంగా పూసి లోపల నేత పల్చగా ఉన్నా జీఎస్ఎం బాగానే వస్తుంది. అంచు కేబుల్ 10 మిల్లీమీటర్లు అన్నారు. ఆ తాడు తెగే బలమే 6 టన్నుల చుట్టూ, మనకి గాలిలో వచ్చేది 15. మీ కప్పుకి 24, 26 మిల్లీమీటర్లు పడుతుంది. కేబుల్ చివర్లకి యూ క్లాంపులు అని ఉంది. శాశ్వత కట్టడంలో నేను వాటిని ఒప్పుకోను, ఫ్యాక్టరీలో నొక్కిన సాకెట్ చివర్లే అడగండి. గుడారాలకి తాత్కాలికంగా వాడేచోట కూడా సగం మంది తిరగేసి బిగిస్తారు. యూ ఆకారపు కడ్డీ బరువు మొయ్యని తోక ముక్క మీద పడాలి, కుదురులా ఉండే జీను భాగం బరువు మోసే తాడు మీద కూర్చోవాలి. తిరగబడితే కడ్డీ మోసే తాడునే నలిపేస్తుంది. ఇక ఆ కొటేషన్‌లో పునాది 'రెండడుగుల గొయ్యి, ఎం 20 కాంక్రీటు' అని ఒకే వాక్యం. సగం డబ్బు ఎక్కడ మిగిలిందో తెలిసింది కదా.

రెండోది ఖరీదైనా అందులోనూ ఒకటి లేదు. ఒక్కో మూల దగ్గర పునాది మీద వచ్చే బలాలు, పైకి ఎంత, అడ్డంగా ఎంత, ఏ గాలి వేగానికి అన్నది కాగితం మీద అడిగి తీసుకోండి. ఆ నాలుగు అంకెలు ఇవ్వలేని వాడికి పని ఇవ్వకండి, ఎంత చవకైనా సరే.

తుపానుకి నిలుస్తుందా అన్నదానికి నా పద్ధతి చెప్తాను. లండన్‌లో మిలీనియం డోమ్ అని కట్టినది, ఇప్పుడు ఓటూ అంటున్నారు, దాని బట్ట 2022 ఫిబ్రవరి 18న యూనిస్ తుపానులో పెద్ద ముక్కలుగా చిరిగింది. 12 స్తంభాలూ, కేబుళ్లూ కదల్లేదు, ఎందుకంటే అవి నిలబడటానికి బట్ట మీద ఆధారపడలేదు. మీ కప్పు కూడా అలాగే ఉండాలి. బట్ట మొత్తం ఊడిపోయినా స్తంభం, పైపులు వాటంతట అవి నిలవాలి. పైన చెప్పిన పైపు చట్రంతో అది ఎలాగూ వస్తుంది. లాగుడు కేబుళ్లూ బట్టా కలిసి పట్టుకుంటేనే నిలిచే స్తంభాలు కొన్ని డిజైన్లలో చూస్తుంటాను, అక్కడ ఒక్క చిరుగుతో కథ మొత్తం కూలుతుంది.

తుపాను హెచ్చరిక వస్తే విప్పేద్దాం అని కరస్పాండెంట్ గారు అంటే, ఎవరు విప్పుతారు, ఏ నిచ్చెన, ఎంతసేపు అని అడగండి. 150 కిలోల తడి బట్టని ఈదురుగాలిలో దించడం నలుగురి వల్ల కాదు. విప్పేలా కట్టాలంటే మూల ప్లేట్లు మొదటి నుంచే అలా గియ్యాలి, గాలి మొదలయ్యే రెండు రోజుల ముందే దించాలి.

ఇక మిగిలింది నేల. మీరు మట్టి సంగతి రాయలేదు. నల్లరేగడా, ఇసుకా, వానాకాలంలో నీళ్లు ఎంత లోతులో ఉంటాయి? నీళ్లలో మునిగితే కాంక్రీటు బరువు ఘనపు మీటరుకి 2.4 టన్నుల నుంచి 1.4కి పడిపోతుంది, పైకి లాగే బలానికి ఎదురు నిలిచేది అదే కాబట్టి ఫుటింగ్ (పునాది దిమ్మ) సైజు మారిపోతుంది. స్కూల్లో బోరు వేసినవాళ్లని అడిగి ఆ వివరం రాయండి, పైపు చట్రానికి ఫుటింగ్ ఎంత ఉండాలో లెక్క వేసి చెప్తాను.